చలిపొద్దున మరిగిన ముల్లు

రండి, నెగడు దగ్గరికి జరిగి కూర్చోండి. పుష్యమాసంలో మా పాతపట్నం చలి చెబితే తెలిసేది కాదు. కొండల మీంచి దిగిన మంచు పొద్దెక్కినా రోడ్డు వదలదు. టీ వచ్చేలోగా మీకో సంగతి చెప్పాలి. ఇలాంటి చలిపొద్దునే మా పాత డీజిల్ జీపు నాకో పాఠం నేర్పింది. పాత బండి ఉన్న ప్రతివాళ్ళకీ అది పనికొస్తుందని నా నమ్మకం.

ఆ రోజు టెక్కలి వెళ్ళాలి. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. ఇంకా ఊరు దాటనేలేదు, టెంపరేచర్ మీటరు ముల్లు పైకి లేచిపోయి ‘హెచ్’ అక్షరం మీద వాలిపోయింది. గుండె ఝల్లుమంది. బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తాను. సెగ లేదు, ఆవిరి లేదు. రేడియేటర్ పై హోస్ పైపు పట్టుకుంటే కుండలో నీళ్ళలా చల్లగా తగిలింది. మీటరేమో మరిగిపోతోందంటోంది, ఇంజనేమో చలికి ముడుచుకుని ఉంది. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి?

దగ్గర్లో ఉన్న షెడ్డులో చూపిస్తే రేడియేటర్ విప్పి కడిగించాలన్నారు, వాటర్ బాడీ మార్చాలన్నారు, అవసరమైతే హెడ్డు కూడా దింపి చూడాలన్నారు. వేలల్లో పని. మనసొప్పక, బళ్ళ ఎలక్ట్రికల్ పని చేసే ఒక పెద్ద మేస్త్రిగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అంతా విని నవ్వారు.

“రెండు నిమిషాల్లో ఇంజన్ మరిగిపోతాదేటి బాబూ? పొయ్యి మీద చెంబుడు నీళ్ళెట్టినా అంత బేగి కాగవు. ఇంజన్ని తరవాత అడుగుదుం. ముందల ముల్లుని అడగాల.”

ఆయన ముల్లుని ఎలా అడిగారో వినండి. ఇంజన్ దిమ్మకు, థర్మోస్టాట్ ఉండే చోటుకి దగ్గరలో, ఇత్తడి బోల్టులాంటి చిన్న యూనిట్ ఒకటి బిగించి ఉంటుంది. దాని కొన లోపలి నీళ్ళలో మునిగి ఉంటుంది. నెత్తిన ఒకే ఒక్క వైరు. ఇంజన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, మేస్త్రిగారు ఆ వైరు ఊడబీకారు. ముల్లు చల్లదనాన్ని చూపే ‘సి’ మీదికి పడిపోవాలి. పడలేదు, అలాగే ‘హెచ్’ మీదే కూర్చుంది. “యూనిట్ మంచిదే. వైరే ఎక్కడో తగుల్తంది” అన్నారాయన. వైరు పట్టుకుని వెతుక్కుంటూ పోతే సైలెన్సర్ పైపు మొదట్లో దొరికింది దొంగ. క్లిప్పు ఊడి, వైరు ఆ వేడి పైపు మీద వాలింది. పైన ప్లాస్టిక్ తొడుగు కరిగి, లోపలి రాగితీగ ఇనుముకు ఆనుకుంది. రెండు గజాల కొత్త వైరు, దానికో స్లీవు, ఒక క్లిప్పు. అంతే, జీపు బాగుపడింది.

ఎందుకలా జరిగిందో తెలుసుకుంటే మీ బండి జబ్బు మీరే పట్టుకోగలరు. ఆ ఇత్తడి యూనిట్ లోపల లోహపు ఆక్సైడ్లతో చేసిన చిన్న బిళ్ళ ఉంటుంది. మామూలు రాగితీగ వేడెక్కితే కరెంటుకు అడ్డు పెరుగుతుంది. ఈ బిళ్ళ స్వభావం దానికి తిరగబడి ఉంటుంది, వేడెక్కేకొద్దీ దారి ఇస్తుంది. ఇలాంటి గుణాన్ని మైకేల్ ఫారడే 1833లోనే వెండి సల్ఫైడులో గమనించాడు. బిళ్ళ చల్లగా ఉన్నప్పుడు వందల ఓమ్‌ల అడ్డు ఉంటే, ఇంజన్ కాగాక అది పదుల్లోకి దిగుతుంది. మీటర్‌లోంచి వచ్చిన కరెంటు ఈ బిళ్ళ గుండా ఇంజన్ ఇనుములోకి, అంటే ఎర్త్‌లోకి పోతుంది. ఎంత ఎక్కువ పోతే ముల్లు అంత పైకి లేస్తుంది. మా జీపులో బిళ్ళ దాకా వెళ్ళకుండానే కరెంటు ఇనుములోకి దిగిపోయింది, ముల్లు పైకెక్కేసింది.

దీన్నొక సామెతలా గుర్తుపెట్టుకోండి: వైరు తగిలితే వేడి, తెగితే చల్లన.

ఈ మాటలో రెండో సగం దగ్గరే నాకు భయం. మెళియాపుట్టి వైపు జనాన్ని ఎక్కించుకుని తిరిగే ఒక జీపు డ్రైవరు నాకు తెలుసు. “మాది సల్లటి బండి బాబూ, ఎండల్లో కూడా ముల్లు లెగదు” అని సంబరంగా చెప్పేవాడు. యూనిట్ నెత్తిన వైరు తుప్పుపట్టి ఎప్పుడో ఊడిపోయిందని అతనికి తెలియదు. ఒక మే నెలలో హోస్ పైపు చీలింది, నీళ్ళు దారి పొడవునా కారిపోయాయి, ముల్లు మాత్రం ‘సి’ మీదే పడుకుంది. ఇంజన్ పట్టేసేదాకా ఎవరికీ తెలియలేదు. గ్యాస్కెట్ కాలి, హెడ్డు వంగి, వారాలకొద్దీ అతని ఇంట్లో రాబడి ఆగిపోయింది. నా ముల్లు అబద్ధం చెప్పి నన్ను ఆపింది. అతని ముల్లు అబద్ధం చెప్పి అతన్ని నడిపించింది. భయపెట్టే అబద్ధం ఒక పూటనే తింటుంది, ధైర్యం చెప్పే అబద్ధం ఇంజన్నే మింగేస్తుంది.

వైరు బాగానే ఉన్నా ఇలాంటి మోసం జరగొచ్చు. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గిపోతే యూనిట్ కొన నీళ్ళు విడిచి ఖాళీలో వేలాడుతుంది. ఇంజన్ మరుగుతున్నా ముల్లు కిందికి దిగిపోవచ్చు. ఎక్కుతూ ఎక్కుతూ ఉన్న ముల్లు చటుక్కున పడిపోతే “హమ్మయ్య” అనకండి, వెంటనే బండి ఆపండి. ఆపాక రేడియేటర్ మూత మీద మాత్రం చెయ్యి వేయకండి. ఆ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచబట్టే నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. తీసిన మరుక్షణం ఆవిరై ముఖం మీదికి ఎగుస్తాయి. బాగా చల్లారేదాకా ఆగండి.

మా వైపు ఇంకో అలవాటు ఉంది. ఎండలు ఎక్కువని థర్మోస్టాట్ వాల్వు పీకి పారేస్తారు. ఆ వాల్వు చాలా బళ్ళలో 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అప్పటిదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనీయకుండా ఇంజన్‌ని త్వరగా కాగనిస్తుంది. అది లేకపోతే ఈ చలికాలంలో ముల్లు ఎప్పటికీ నడుమకు రాదు. మీటరు పాడైందనుకుని మీటరు మారుస్తారు. పాపం, ఆ మీటరు నిజమే చెబుతోంది. ఇంజన్ నిజంగానే కాగడం లేదు, డీజిలు ఎక్కువ తాగుతోంది, లోపల అరుగుతోంది.

అందుకని డబ్బు ఖర్చు పెట్టేముందు ఈ వరసలో చూడండి. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్‌లో నీళ్ళు, ఫ్యాన్ బెల్టు, హోస్ పైపులు చూసుకోండి. తరవాత తాళం ఆన్ చేసి యూనిట్ వైరు ఊడదీయండి, ముల్లు ‘సి’కి రావాలి. వైరు కొనను ఒక్క క్షణం ఇంజన్ ఇనుముకు ఆనించండి, ముల్లు ‘హెచ్’ వైపు కదలాలి, కదలగానే తీసేయండి. రెండూ సరిగా జరిగితే వైరూ మీటరూ మంచివే, యూనిట్‌ని విప్పి గిన్నెలో నీళ్ళు కాచి మల్టీమీటర్‌తో చూడొచ్చు. ముల్లు అసలు కదలకపోతే వైరులోనో, ఫ్యూజులోనో, మీటరులోనో లోపం. డీజిల్ మీటరు కూడా దానితోపాటే తప్పు చూపిస్తుంటే రెంటికీ కరెంటు ఇచ్చే చోట చూడండి. కొత్త యూనిట్ బిగించేటప్పుడు దాని మరచుట్ల నిండా తెల్ల టేపు చుట్టకండి, ఇనుముకు ఆనక ఎర్త్ పోతుంది. ఇదంతా ఒంటి వైరు పాత బళ్ళ సంగతి. కంప్యూటర్ ఉన్న కొత్త బళ్ళలో వైరు ఇనుముకు తగిలించే పని చేయకండి.

మీటరునే పరీక్షించడం మేస్త్రిగారు కనిపెట్టిన కొత్త విద్య కాదు. మా ఊరి మీదుగా నౌపడా నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల గేజి చిన్న రైలు 1900 నుంచి నడిచింది. అలాంటి ఆవిరి ఇంజన్లలో బాయిలర్ నీటిమట్టం చూపే గాజు గొట్టం ఉంటుంది. గొట్టంలో నీళ్ళు కనిపించినంత మాత్రాన నమ్మకూడదన్నది డ్రైవర్ల చదువులో మొదటి పాఠం. కింది కుళాయి తిప్పి ఆ నీళ్ళు వదిలేసి, మూశాక మళ్ళీ చటుక్కున పైకి లేస్తాయో లేదో చూడాలి. దారి పూడుకుపోతే పాత నీళ్ళే గొట్టంలో నిలబడి, బాయిలర్ ఎండిపోతున్నా నిండుగా ఉందని చెబుతాయి. చూశారా, అదే ధైర్యం చెప్పే అబద్ధం! ఆ ఇంజన్ మీద ఆవిరి ఒత్తిడి చూపే మీటరు లోపలి వంపు గొట్టం 1849లో యూజీన్ బూర్డాన్ అనే ఫ్రెంచి ఆయన పేటెంటు పొందినది. వైరు లేకుండా సన్నని రాగి గొట్టంతో పనిచేసే పాతకాలపు టెంపరేచర్ మీటర్లలో ఉండేదీ ఆ వంపు గొట్టమే. రైలుకీ జీపుకీ అంత దగ్గరి చుట్టరికం.

టీ వచ్చింది, తీసుకోండి. నేను ఇప్పుడు ఎక్కడికి బయల్దేరినా మొదటి కొన్ని నిమిషాలు ముల్లుని గమనిస్తాను. అది ‘సి’ దగ్గర లేచి, నెమ్మదిగా నడుమకు వచ్చి, అక్కడ కుదురుకుంటేనే నాకు నిశ్చింత. రేపు పొద్దున్న మీరూ చూడండి. మీ ముల్లు లేచిన చోటే పడుకుని ఉంటే, మీ బండి చల్లటిదని మురిసిపోకండి. ప్రయాణం ఒక్క రోజు వాయిదా వేసి, ఆ ఒంటి వైరు ఊడదీసి, ఒక్క క్షణం ఇనుముకు ఆనించి చూడండి.