పటం విప్పితే కనబడింది

మా హాస్టల్ పిల్లలకు డ్రాయింగ్ అంటే రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక కొబ్బరిచెట్టు. వాళ్ల వాడలో ఉన్న బొమ్మలు ఏ పుస్తకంలోనూ లేవు. అందుకే మొన్న ఆదివారం డక్కలి కళాకారులు జాంబపురాణం చెప్తున్నరంటే, డ్రాయింగ్ టీచర్‌గా ఇరవై మందిని వెంటేసుకొని పోయిన.

వేపచెట్టు కింద పటం కొంచెం కొంచెం విప్పుతూ, పుల్లతో బొమ్మ చూపుతూ కథ సాగింది. భూమి పుట్టకముందే ఆది జాంబవుడు పుట్టిండని వినంగనే ఎనిమిదో తరగతి పిల్ల నా చెయ్యి పట్టి లాగింది. "సార్, ఇది మన కథేనా?"

కథయినంక పటాలెట్ల తయారైతయో పిల్లలకు చెప్పిన. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీలు ఖద్దరు బట్టకు చింతగింజల పిండి, సుద్ద, తుమ్మజిగురు పట్టించి, ఆరినంక రంగులేస్తరు. కులకథలు చెప్పేటోళ్ల కోసమే ఇసొంటి పటాలు గీసేటోళ్లు. ఇయ్యాల ఆ బొమ్మ షోరూముల గోడెక్కింది. కథ చెప్పే మనిషి మాత్రం చెట్టు కిందనే ఉన్నడు.

ఇంకో మాట దాచొద్దు. ఊరు మాదిగలను వెలేసింది. మాదిగ వాడ డక్కలి వాళ్లను దూరం పెట్టింది. అన్నాలప్పుడు పిల్లలు అడిగిన్రు, "వాళ్లెందుకు అంత దూరం కూసున్నరు?" పెద్దోళ్లెవరూ నోరు విప్పలే. పిల్లలే కంచాలు పట్టుకొని పోయి వాళ్ల పక్కన కూసున్నరు.

మిత్రులారా, మీ దగ్గర పటం కథ ఉందంటే విద్యార్థులను తీసుకపోండ్రి. కళాకారులకు ఇచ్చేది ముందే మాట్లాడుండ్రి. వాళ్లతో కలిసి తినుండ్రి.

జై భీమ్.