పులికి ఎన్ని వంతులు?

కొల్లాపురం మామిడితోటలను గూర్చి వ్రాయుమని సంపాదకుడు నన్ను నాగర్‌కర్నూలు జిల్లాకు పంపగా, తోటలను ఒక పూటలో ముగించి, శ్రీశైలం జలాశయమున మునిగిన ఊరిని విడిచి వచ్చినవారి కొత్త పల్లెలో, వేపచెట్టు క్రింది సిమెంటు అరుగుపై బొగ్గుతో పులిమేక ఆట పటమును గీయుచున్న ఒక వృద్ధుని యెదుట కూలబడితిని. కొలబద్ద లేదు, వణకుచున్న చేతినుండి వెడలిన గీతలు మాత్రము ఒక్కటియు తప్పక 23 కూడళ్లయందు కలిసినవి. మూడు గులకరాళ్లు పులులు, పదునైదు చింతగింజలు మేకలు.

హైదరాబాదులో చదువుకొనుచున్న ఆయన మనుమడు, 1974లో అమెరికాలో పుట్టిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటను మిత్రులచేత ఆడించువాడు. నలుగురు వీరుల కెదురుగా తాను నిలిపిన మహాభూతము, ఆటపుస్తకములోని అంకెలను బట్టి వారికి సరిజోడే యైనను, రెండు చుట్లలోనే కూలినదని, ప్రక్కనే కూర్చుండి ఫోనులో ఒక మిత్రునితో మొరపెట్టుకొనుచుండెను.

“దానికెన్ని వంతులిచ్చినవ్‌రా?” అని తాత తలయెత్తకయే అడిగెను.

“ఒక్కటే తాతా. వాళ్లకు మనిషికొకటి.”

“మరి సావకేంజేస్తది? ఈడ మేకలు పదిహేనున్నా కదిలేది ఒక్కటే. ఎంటనే పులి వంతు.”

గ్రంథములు భూతముల బలమునకు అంకెలు కట్టుచుండగా, ఈయన వంతులను లెక్కించుచున్నాడు! మేకలన్నియు పటమెక్కువరకు ఒక్క మేకయు కదలరాదు; పులి దూకి తినుటకు మంచి అదను ఆలోపలనే. ఒక్కటియు చావక అన్నియు కూర్చున్నచో మిగులునవి ఐదు కూడళ్లే. అటుపై పులికి పంజా యెందులకు? నాలుగు పులులు, ఇరువది మేకలు గల నేపాలీయుల బాఘ్‌చాల్‌ను కంప్యూటరుతో శోధించినవారు, ఇరుపక్షములును తప్పటడుగు వేయనిచో ఎవరికిని గెలుపు లేదని తేల్చిరి. అంతటి తూకమును కుదిర్చిన వారి పేరు మాత్రము ఎచ్చటను లేదు.

గుడి మండపముల నేలలపై చెక్కిన ఇట్టి పటములపై జీర్ణోద్ధరణ పేరిట నున్నని పలకలు పరచుట చూచినప్పుడెల్ల నాకు ఒడలు మండును. కూడవెల్లి సంగమేశ్వరాలయమును ఆ శ్రీశైలం జలాశయమున మునుగకుండ విప్పి, ఆలంపురమునకు తరలించి నిలిపిన శ్రద్ధ శ్లాఘ్యమే. అందులో వీసమైనను మునిగిన పల్లెల రచ్చబండలకు దక్కినదా? తాను బాల్యమున ఆడిన బండ ఇప్పుడు నీటి అడుగున నున్నదని వృద్ధుడు చెప్పెను. “దాని మీద గుంటలుండె సారూ, గింజ జారకపోవు.”

ఇంతలో మనుమడు భూతమునకు మూడు వంతులిచ్చి, దాని గదికి రెండవ వాకిలి పెట్టి, మిత్రుని మరల పిలిచెను.

“వాకిలి మంచిదే,” అనెను తాత. “మూడెక్కువైతయ్.”