గుంజాయిష్

అబ్బా లేత్ మిషన్‌ని ఏనాడూ లేత్ అనలేదు. ఖరాద్ అనేవారు. జీపు కింద ఉండే పట్టీల కట్టని మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో మతంతో పనిలేకుండా అందరూ కమాన్ అనే అంటారు. ఉర్దూలో కమాన్ అంటే విల్లు అని వాళ్లలో చాలామందికి తెలియదు. అబ్బా నోట ఎక్కువసార్లు వినబడ్డ మాట మాత్రం గుంజాయిష్. షాదీకి వచ్చే చుట్టాలకి ఇంట్లో చోటు సరిపోతుందా అన్నా, బేరింగ్‌కీ హౌసింగ్‌కీ మధ్య సందు ఎంత ఉండాలన్నా ఆయనకు అదే మాట.

ఆ మాట నాకు నిజంగా అర్థమైంది ఒక ప్రొపెల్లర్ షాఫ్ట్ వల్ల.

మా బావమరిది షౌఖ్ కొద్దీ పాత సీజే 3బి జీపు కొన్నాడు. సెలవురోజు వస్తే కొండపల్లి వైపు రాళ్ల దారుల్లో తిప్పడమే పని. ఒక చక్రం బండ ఎక్కితే రెండోది గాల్లోకి లేచేది. గాల్లో ఉన్న చక్రం ఊరికే తిరుగుతుంది, నేల మీద ఉన్న దానికి బలం అందదు. చక్రం ఇంకాస్త కిందికి దిగి నేలని అందుకోవాలంటే కమాన్లు మార్చాలి. మెత్తటి పట్టీలు వేసి, వాటి చివర షాకిల్ పొడవు పెంచాం. ఇక మిగిలింది వెనక షాఫ్ట్. ఆ పని నేను నెత్తిన వేసుకున్నాను.

అప్పటికి అబ్బాకి కంటి ఆపరేషన్ అయి నెల. దుకాణంలో స్టూలు మీద కూర్చునేవారు, ఖరాద్ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పారు. నాకు డిప్లొమా ఉంది, ఆయన అక్షరం చదువుకోలేదు. ఆయన్ని అడగడం ఎందుకని జిద్దు.

బండి చదునైన నేల మీద పెట్టి కొలిచాను. స్లిప్ జాయింట్‌లో పళ్ల రాడ్డు రెండు అంగుళాల లోతు పట్టి ఉంది. చాలనుకున్నాను. క్రాస్ బేరింగులు మార్చి, గ్రీజు కొట్టి, బోల్టులు బిగించాను.

అబ్బా స్టూలు మీద నుంచే అడిగారు. “లట్‌కాకే నాపా క్యా రే?” వేలాడదీసి కొలిచావా అని.

“కొలిచాను అబ్బా” అన్నాను. ఝూట్.

ఆ ఆదివారం వెళ్లాం. బావమరిది స్టీరింగ్ దగ్గర, పక్కన నేను, వెనక ఎనిమిదేళ్ల మా అబ్బాయి. ముందు చక్రాల గేరు ఇంకా వేయలేదు. చిన్న మిట్ట ఎక్కుతుండగా వెనక చక్రాలు రెండూ గాడిలోకి దిగాయి. ఠప్పుమని చప్పుడు. ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. మరుక్షణం వెనక్కి జారడం మొదలైంది. హ్యాండ్‌బ్రేకు లాగితే ఆగలేదు. ఆ తరం జీపుల్లో హ్యాండ్‌బ్రేకు డ్రమ్ము చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్ట్ మొదలయ్యేచోట ఉంటుంది. షాఫ్ట్ ఊడితే అది పట్టుకునేది గాలినే. బావమరిది కాలి బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. నేను దూకి వెనక చక్రాలకి రాళ్లు పెట్టాను. కాలి బ్రేకు పనిచేసింది, అల్‌హందులిల్లాహ్. మా వాడు అదేదో ఆట అనుకుని నవ్వుతున్నాడు. నా చేతుల వణుకు చాలాసేపు తగ్గలేదు.

బండి లాక్కొచ్చాక అబ్బా ఊడిన ముక్కని ఒళ్లో పెట్టుకుని పళ్ల చివరలు వేళ్లతో తడిమారు. చివరి కొద్ది మేర మాత్రమే నలిగి ఉంది. అంతా తెలిసిపోయింది ఆయనకి. “జాకీ తే” అన్నారు. అంతే.

చాసిస్ కింద స్టాండ్లు పెట్టించి, చక్రాలు తీయించి, యాక్సిల్‌ని పూర్తిగా వేలాడనిచ్చారు. టేపు పట్టుకోమన్నారు. అప్పుడు నా డిప్లొమా గుర్తొచ్చింది. షాఫ్ట్ రెండు చివరల మధ్య అడ్డంగా 20 అంగుళాలు, మామూలుగా నిలబడి ఉన్నప్పుడు దిగుడు 4 అంగుళాలు. పైథాగరస్ లెక్కన షాఫ్ట్ పొడవు 20.4. యాక్సిల్ ఇంకో 6 అంగుళాలు వేలాడి దిగుడు 10 అయితే పొడవు 22.4. అంటే రెండు అంగుళాలు సాగాలి. నేను ఉంచిన పట్టు సరిగ్గా అంతే. వాలు కూడా 11 డిగ్రీల నుంచి 26 దాటుతుంది, క్రాస్ పట్టుకునే చెవులు ఒకదానికొకటి రాసుకునే ప్రమాదం ఉంది.

తర్వాత కమాన్లు పూర్తిగా నొక్కుకునేలా బరువు వేయించి మళ్లీ కొలిపించారు. ఆ స్థితిలో రాడ్డు లోపల అడుగుకి తగిలితే ఆ దెబ్బ ట్రాన్స్‌ఫర్ కేసు బేరింగుల మీద పడుతుంది. అబ్బా లెక్క ఇది. పూర్తిగా వేలాడినప్పుడు రాడ్డు ఎంత లావో కనీసం అంత పొడవు పళ్లు లోపల మిగలాలి. పూర్తిగా నొక్కుకున్నప్పుడు కొద్దిగానైనా ఖాళీ ఉండాలి. ఈ రెండింటి మధ్య ఉన్నదే గుంజాయిష్. “అందాజా నహీ, పైమాయిష్” అన్నారు. ఉజ్జాయింపు కాదు, కొలత.

ఈసారి గొట్టం పొట్టి చేసి, పొడవాటి పళ్లున్న స్లిప్ జాయింట్ వేశాం. వెల్డింగ్‌కి ముందు రెండు చివరల చెవులూ ఒకే వరసలో ఉన్నాయా అని అబ్బా వేళ్లతోనే చూశారు. వంపులో తిరిగే క్రాస్ జాయింట్ ప్రతి చుట్టుకీ రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. అవతలి జాయింట్ కూడా అదే వంపులో, అదే వరసలో ఉంటేనే ఆ తేడా కొట్టుకుపోతుంది. ఒక్క పన్ను పక్కకి జరిగినా బండి వణుకుతుంది. అతికిన షాఫ్ట్‌ని చక్‌లో తిప్పి వంకర సరిచేసి, బ్యాలెన్సింగ్‌కి పంపాం. చెవులు రాసుకోకుండా, యాక్సిల్ మరీ దిగిపోకుండా చాసిస్ నుంచి గట్టి బెల్టు కట్టాం. అంటే కొంత దిగుడు వదులుకున్నాం. చక్రం ఎంత దిగాలన్నది సరదా కాదు, షాఫ్ట్ చెప్పాలి అన్నారు అబ్బా.

“కొలిచానన్నావు కదా” అని ఆ రోజు అడగలేదు. తర్వాతా అడగలేదు. అమ్మీకి కూడా చెప్పలేదు. మనవడు ఆ బండిలో ఉన్నాడని తెలిసి కూడా. ఆయన ఇంతెకాల్ అయ్యేదాకా నేను మాఫీ అడుగుదామనే అనుకుంటూ ఉండిపోయాను. ఇది ఇంట్లో వాళ్లకి కూడా ఇక్కడ చదివితేనే తెలుస్తుంది.

ఊడిన ఆ ముక్క ఇంకా దుకాణం గూట్లోనే ఉంది. మా వాడు ఇప్పుడు సెలవుల్లో వచ్చి నా దగ్గర పని నేర్చుకుంటున్నాడు. మొన్న దాన్ని తీసి, పాత ఇనుములో వేసేయనా అబ్బా అన్నాడు. వద్దు బేటా, అక్కడే పెట్టు అన్నాను. సాయంత్రం వాడు ఒక బండికి షాఫ్ట్ బిగించి చేతులు తుడుచుకుంటున్నాడు. వేలాడదీసి కొలిచావా అని అడిగాను. కాసేపు నా వైపు చూసి, “లేదు” అన్నాడు.

జాకీ తెమ్మన్నాను.