మెరిసే రంగా? మన్నే రంగా?

కొల్లేటి అంచున, చేపల చెరువుల నడుమ ఉన్న మా ఆపా ఇంటి గోడలకు గత వారమే కొత్తగా సిమెంటు పూత పూశారు. కువైట్‌లో పనిచేసే మా మేనల్లుడు రంగులకు డబ్బు పంపి, “మామూజాన్, బయటి గోడలకు ఆయిల్ పెయింటే వేయించండి. తాడేపల్లిగూడెంలో మా స్నేహితుని ఇల్లు అద్దంలా మెరుస్తోంది” అని ఫోనులో కోరాడు. అతని చెల్లెలి నికాహ్‌కు ఇరవై రోజులే గడువు. “కష్టపడి పంపింది వాడు, వాడి ముచ్చట తీరనివ్వండి” అన్నారు ఆపా.

మేము అడ్డు చెప్పవలసి వచ్చింది. పరాయి దేశపు ఎండలో సంపాదించిన ఆ సొమ్ము మా చేతిలో అమానతు. అది పెచ్చులుగా రాలిపోతుంటే ఎలా చూస్తాము?

తమ్మిలేరు, బుడమేరు తెచ్చే నీరు కొల్లేటిలో చేరుతుంది. అక్కడి నుండి సముద్రానికి దారి ఉప్పుటేరే. వరద తీసినా ఆ పల్లెల నేలలో చెమ్మ తగ్గదు. అది పునాదుల నుండి ఇటుకల గుండా పైకి పాకి, ఆవిరై గోడ వెలుపలికి పోవాలని చూస్తుంది. ఆయిల్ పెయింటు దట్టమైన పొరగా బిగుసుకొని ఆ దారిని మూసివేస్తుంది. లోపల చిక్కిన చెమ్మ ఆ పొరను బొబ్బలుగా లేపుతుంది. పైగా పచ్చి సిమెంటులోని క్షారం రంగులోని నూనెను సబ్బుగా మార్చివేస్తుంది. సబ్బు తయారయ్యేదీ నూనె, క్షారాల కలయికతోనే కదా! బయటి గోడల కోసం చేసిన నీటి రంగు, అనగా అక్రిలిక్ ఎమల్షన్, వాననీటిని చాలావరకు ఆపుతూనే ఆవిరిని పోనిస్తుంది. అయితే దానినీ పచ్చి గోడపై వేయరాదు. దాదాపు 28 రోజులు ఆరనిచ్చి, తెల్లగా పూసిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, ప్రైమరు పట్టించిన తరువాతనే వేయాలి.

తలుపులకు, ఇనుప గ్రిల్లులకు మాత్రం ఆయిల్ పెయింటే మేలు. ఇళ్ల రంగులలో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరు నుండి అమలులో ఉంది. పిల్లలు గ్రిల్లు పట్టుకొని ఆడతారు గనుక డబ్బాపై ఆ మాట చూసి కొనడం మంచిది.

మేనల్లుడు అంతా విని, “మరి పెళ్లివారు సిమెంటు గోడలు చూసి ఏమనుకుంటారు?” అన్నాడు. దీనికి మా చదువులో జవాబు లేదు. పోనీ ఈలోగా సున్నం కొట్టిద్దామా అన్నారు ఆపా. పొడి రాలే సున్నంపై తరువాత ఎమల్షన్ నిలువదని మేము చెప్పాము. ఆమె కాసేపు ఊరకుండి, ఫోను అందుకొని కుమారునితో, “బిర్యానీ బాగుంటే గోడలెవరూ చూడరులే నాయనా” అన్నారు.

తలుపులకు ఆకుపచ్చ ఆయిల్ పెయింటు పూర్తయింది. ఎమల్షన్ డబ్బాలు నికాహ్ అయ్యాక, గోడలు ఆరాక, ఏలూరు వెళ్లి తెస్తాము.