ఒంటరిగా ఒక గురువారం

మాది సైనిక్‌పురి. మావారు ఆర్మీలో చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక కూరల మార్కెట్టుకి తప్ప ఒక్కదాన్నీ ఎటూ వెళ్లని నేను, మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఉంటున్న బ్యూనస్ ఎయిర్స్‌లో వీపున సంచి తగిలించుకుని ఒంటరిగా తిరిగానంటే మా వీధిలో ఎవరూ నమ్మరు!

"తప్పిపోతావమ్మా" అని వాడి భయం. కాగితం మీద అడ్రసు రాయించుకున్నాను. సంచిలో మంచినీళ్లు, నాలుగు చపాతీలు, ఆవకాయ. 1913లో మొదలైన 'ఎ' లైను భూగర్భ రైలెక్కి, చివరి స్టేషన్ ప్లాజా డి మాయోలో దిగాను. అక్కడి ఎంపనాడాలు అచ్చం మన కజ్జికాయలే. కాకపోతే చాలావాటిలో మాంసం! "సిన్ కార్నే" అని అడిగి పాలకూరది తిన్నాను.

ఆ రోజు గురువారం. మధ్యాహ్నం మూడున్నరకి తలకి తెల్లగుడ్డ కట్టుకున్న ముసలమ్మలు మైదానంలోని స్తంభం చుట్టూ నడుస్తున్నారు. 1976లో గద్దెనెక్కిన సైనిక ప్రభుత్వం పట్టుకుపోయిన బిడ్డలెక్కడని అడగటానికి, 1977 ఏప్రిల్ 30న 14 మంది తల్లులు ఇక్కడికొచ్చారట. గుంపుగా నిలబడొద్దని పోలీసులంటే, ఇద్దరిద్దరుగా నడవసాగారట. పసిపిల్లలకి కట్టే గుడ్డలే మొదట్లో ఆ తలగుడ్డలు.

నేను సైనికుడి భార్యని. యూనిఫాం అంటే నాకు ధైర్యం. అదే యూనిఫాం బిడ్డల్ని ఎత్తుకుపోయిందని తెలిసి కాళ్లు వణికాయి. వాళ్లూ వంటింట్లోంచి వచ్చినవాళ్లే కదా! వాళ్ల వెనకే ఒక చుట్టు నడిచాను.

ఇంటికెళ్లాక "భయమెయ్యలేదా అమ్మా?" అన్నాడు అబ్బాయి. "లేదురా" అన్నాను, వాడి తల నిమురుతూ.