నాలుగు పాయింట్ యాభై ఐదు అంటే ఎంత వక్త్?



మా ఇంట్లో గోడకుండే రంజాన్ టైంటేబుల్ హైదరాబాద్‌ది. ఆ షహర్ మనకు పడమరగా మూడున్నర డిగ్రీల దూరంలో ఉంది. డిగ్రీకి 4 నిమిషాలు. అంటే అమలాపురంలో పొద్దు సుమారు 14 నిమిషాలు ముందే పొడుస్తుంది, ముందే గుంకుతుంది. అక్కడి సహరీ వక్త్ చూసుకుని ఇక్కడ తింటే రోజాకే ఖతరా.

అందుకని అమలాపురం అక్షాంశ రేఖాంశాలు పెట్టి, ఏడాది మొత్తానికి ఫజర్, మగ్రిబ్ వక్తులు పైథాన్‌లో లెక్క కట్టాను (ఫజర్‌కి 18 డిగ్రీల లెక్క). మాట్‌ప్లాట్‌లిబ్‌లో రెండు గీతలు వచ్చాయి. అడ్డంగా రోజులు, నిలువుగా గంటలు. మౌస్ ఎక్కడ పెడితే అక్కడి అంకెలు కిటికీ అంచున కనిపిస్తాయి. ఏప్రిల్ 15 దగ్గర పెట్టి అమ్మీకి చూపించాను. ఎక్స్ 105, వై 4.55.

"నాలుగు యాభై ఐదా? ఇంకా చాలా టైముంది బేటా, ఆరామ్‌గా తినొచ్చు" అంది.

4.55 గంటలంటే 4:33. పాయింట్ తర్వాతి భాగాన్ని 60తో హెచ్చవేస్తేగాని నిమిషాలు కావు. 22 నిమిషాల ఫరక్! ఇందులో అమ్మీ కుసూర్ ఏముంది? గడియారానికి అలవాటైన కళ్లు అలాగే చదువుతాయి.

దీనికి ఇలాజ్ ఉంది. గ్రాఫ్‌కి ఫార్మాట్_కోఆర్డ్ అని ఒకటుంటుంది. ఎక్స్, వై తీసుకుని ఒక వాక్యం తిరిగిచ్చే చిన్న ఫంక్షన్ రాసి దానికి అప్పగిస్తే, అంకెల బదులు మన వాక్యమే కనిపిస్తుంది.

గంటల్ని నిమిషాలుగా మారిస్తే చాలదా అంటే, చాలదు. ఆ వై మన గీతది కాదు, మౌస్ ఉన్న ఎత్తుది. 24 గంటలు 480 పిక్సెళ్లలో ఇరికితే ఒక్క పిక్సెల్ 3 నిమిషాలు. చెయ్యి కాస్త వణికితే వక్త్ మారిపోతుంది. కాబట్టి నా ఫంక్షన్ వైని అసలు పట్టించుకోదు. ఎక్స్‌ని దగ్గరి రోజుకి సవరించి, ఆ రోజు ఫజర్, మగ్రిబ్ రెండూ లెక్కకట్టిన జాబితాలోంచే తీస్తుంది. సెకన్లు మిగిలితే సహరీకి కిందికి, ఇఫ్తార్‌కి పైకి. ఎహతియాత్ అటే ఉండాలి కదా.

ఇప్పుడు మౌస్ పెడితే "ఏప్రిల్ 15, సహరీ 4:33 వరకు" అని వస్తోంది. మసీదు ఎలాన్ ఎటూ ఉంటుంది, అదే ముందు. రాజోల్లో ఉన్న మా ఆపాకీ ఇదే పంపాను. అక్కడికీ ఇక్కడికీ రేఖాంశం తేడా ఒక్క నిమిషం కూడా రాదు.