గారెలో చిల్లు, గడియారంలో గంట

ఏటా మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకీ, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కీ తిప్పుకునే సాటి తెలుగువారందరికీ మా అరిజోనా వాళ్ళ తరఫున సానుభూతి! మాకా బాధ లేదు. 1967లో ఒక్క వేసవి ఆ ముచ్చట తీర్చుకుని, 1968లో మాకొద్దు బాబోయ్ అని చట్టం చేసేసుకున్నారు. 110 డిగ్రీలు కాసే ఊళ్ళో సూర్యుణ్ణి ఇంకో గంట ఉండి వెళ్ళమని ఎవరు బతిమాలతారు చెప్పండి?

దీనివల్ల ఫీనిక్స్ తెలుగువాళ్ళకి ఒక సుఖం ఉంది. ఇండియాకీ మాకూ ఏడాది పొడుగునా పన్నెండున్నర గంటల తేడా. పగటిని రాత్రి చేసి, అరగంట కలిపితే కాకినాడ టైము. న్యూజెర్సీ మిత్రుల్లా తొమ్మిదిన్నరా, పదిన్నరా అని వేళ్ళు లెక్కపెట్టక్కర్లేదు. మా అమ్మకీ ఈ లెక్క నోటికొచ్చు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి, అంటే మాకు పొద్దున్న ఎనిమిదికి, ఫోన్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. నాన్న పోయిన దగ్గర్నుంచీ మాతో మాట్లాడాకే కంచం ముందు కూర్చోవడం. ఆఫీసులో ఏ రిలీజు డేటైనా జరుగుతుంది గానీ ఇది జరగదు.

పోయిన మెమోరియల్ డే సెలవులకి మాన్యుమెంట్ వ్యాలీ బయల్దేరాం. అది నవాహో నేషన్‌లో ఉంది. అక్కడే ఉంది తిరకాసు. వాళ్ళ భూమి అరిజోనా, న్యూ మెక్సికో, యూటా మూడింట్లోనూ పరుచుకుని ఉంది. మిగతా రెండు రాష్ట్రాలూ గడియారం తిప్పుతాయి. ఒకే జనానికి రెండు టైములు ఎలా కుదురుతాయి? అందుకని అరిజోనా వైపు నవాహోలు కూడా తిప్పుతారు. వాళ్ళ మధ్యలో హోపీల భూమి ఉంది. వాళ్ళు తిప్పరు. ఆ హోపీల మధ్యలో జెడిటో అని మళ్ళీ ఓ చిన్న నవాహో ముక్క. వాళ్ళు తిప్పుతారు! పిల్లలకి ఇలా చెప్పాను: అరిజోనా ఓ పళ్ళెం, అందులో నవాహో ఓ పెద్ద గారె, గారె చిల్లులో హోపీ, ఆ చిల్లులో రాలిపడ్డ మినప్పలుకు జెడిటో. మా వృత్తిలో వాడే టైమ్ జోన్ల డేటాబేసులో "నవాహో" అని విడిగా ఒక పేరే ఉంది. అది ఫీనిక్స్‌ని కాదు, డెన్వర్‌ని చూపిస్తుంది.

శనివారం రాత్రి ట్యూబా సిటీలో బస. టూవీ అనే హోపీ పెద్దాయన పేరు మీద ఏర్పడ్డ నవాహో ఊరు. ఆనుకునే హోపీల మోయెన్‌కోపి. వేసవిలో ఈ ఊరికీ ఆ ఊరికీ గంట తేడా.

ఆదివారం పొద్దున్న లేచేసరికి హోటల్ గదిలో గడియారం తొమ్మిది అంటోంది. నా చేతి వాచీ ఎనిమిది అంటోంది. మా ఆవిడ ఫోన్ ఏ టవర్ దొరికితే ఆ టవర్ పాట పాడుతూ, కాఫీ తాగేలోపు రెండుసార్లు మాట మార్చింది. మావాడికి ఎనిమిదేళ్ళు. "తొమ్మిదంటే మామ్మకి తొమ్మిదిన్నర! ఇంకా అన్నం తినలేదు!" అని ఏడుపు లంకించుకున్నాడు.

"ఒరే, మనం గంట జరిగితే మామ్మ కూడా జరుగుతుందేంట్రా? ఇక్కడ తేడా పదకొండున్నరే," అంది వాళ్ళక్క. ఆ మాట ఎంతమంది ప్రోగ్రామర్లకి నేను మీటింగులు పెట్టి చెప్పానో!

టైము తేలింది గానీ గదిలో సిగ్నల్ లేదు. పార్కింగ్ లాట్‌కి వచ్చాం. అక్కడా అంతంతమాత్రం. రెండుసార్లు కలిసి తెగిపోయింది. ఎర్రమట్టి గాలిలో నలుగురం రోడ్డు వైపు నడిచాం. మూడోసారి అమ్మ మొహం కనిపించింది.

"ఏరా, ఇంతసేపా? అందరూ బాగానే ఉన్నారా? అక్కడ టైమెంత?"

నేను "ఎనిమిది దాటింద"న్నాను. వాడు "తొమ్మిది దాటింది మామ్మా" అన్నాడు.

అమ్మ ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత అనుమానంగా, "మీరందరూ ఒక్కచోటే ఉన్నారా?" అంది.

ఫోన్ గుండ్రంగా తిప్పి నలుగురినీ చూపించాక గానీ కుదుటపడలేదు. "సరే, చారు చల్లారిపోతోంది," అని పెట్టేసింది.

మీరెవరైనా వేసవిలో అటు వెళ్తే టూరు బుక్ చేసేటప్పుడు "ఎన్నింటికి?" అనకండి, "ఎవరి టైముకి?" అని అడగండి. మాన్యుమెంట్ వ్యాలీ నవాహో టైము. పేజ్ దగ్గర ఆంటిలోప్ కాన్యన్ నవాహోలదే అయినా టూర్లు మాత్రం ఫీనిక్స్ టైముకి నడుస్తాయి. చలికాలం వెళ్తే ఈ గొడవే లేదు, అన్ని గడియారాలూ ఒక్క మాట మీద ఉంటాయి. కానీ చలికి వణకాలి.

తిరుగుదారిలో హోపీ మెసాల మీదుగా వస్తూ మావాడు సరిహద్దు వచ్చినప్పుడల్లా తన వాచీ తిప్పుకున్నాడు. కాసేపటికి విసుగొచ్చి కాకినాడ టైము పెట్టేసుకున్నాడు. మధ్యాహ్నం ఎండలో కారు నడుపుతున్న నాకు వెనక సీట్లోంచి, "నాన్నా, అర్ధరాత్రి దాటింది, ఇంకా లంచ్ పెట్టలేదేంటి?" అని వినిపించింది.